ముత్తన్న కార్టన్ అడుగున

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గులాం మొహియుద్దీన్ చేతిలో ఉన్నవి మూడే. తోట కూలీ మల్లేష్ సంతకం కోసం కంపెనీవాళ్ళు టైపు చేయించిన వాంగ్మూలం నకలు ఒకటి. తొమ్మిది రోజుల క్రితం తన దుకాణంలో అమ్మిన స్కోపు రసీదు ఒకటి. సాయంత్రం నాలుగింటి దాకా టైము. నాలుగోది కూడా ఒకటుంది గానీ దాన్ని ఆయన సరుకులో కలపలేదు. ముబషిర్ అజాగ్రత్త మనిషే తప్ప చెడ్డవాడు కాడన్న నమ్మకం అది. ముబషిర్ ఆయన భార్య మహమూదాకి తమ్ముడు.

అరాద్‌లో మొహియుద్దీన్‌ది దుర్బిణీల దుకాణం. మెట్‌పల్లి నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. పర్మిట్ ఉన్నవాళ్ళకి వేట తుపాకీ మీద బిగించే స్కోపులూ అమ్ముతాడు. కాగితాన్ని మూడుసార్లు చదవనిదే పక్కన పెట్టడన్న పేరుంది కాబట్టి, ఆపదలో పడ్డ మన జిల్లాల వాళ్ళు వకీలు కంటే ముందు ఆయన దగ్గరికే వస్తారు. అట్లా వచ్చిన గొడవల్లో పదకొండు తేల్చాడు. ఇది పన్నెండోది, ఇంటి మనిషి ఉన్నది ఇదొక్కటే.

జరిగినదానిలో ఎవరూ కాదననిది కొంచెమే. దక్షిణాన ఎడారిలో, వీళ్ళకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని అయిన కఫీల్‌కి ప్రహరీ కట్టిన పెద్ద తోట ఉంది. అందులో జింకల దొడ్డి ఉంది, వంద మీటర్ల కాల్పుల వరస ఉంది. కఫీల్ వచ్చే నెల పరాయి దేశపు కొండల్లో దుప్పుల వేటకి పోతున్నాడు. ఆయన తుపాకీకి కొత్త స్కోపు జీరో చేసే పని, అంటే స్కోపులో గీత ఎక్కడ ఆనితే తూటా అక్కడే తగిలేట్టు కుదిర్చే పని, తోట మేనేజరు ముబషిర్‌ది. శుక్రవారం పొద్దున ఆరు నలభైకి అతను కాల్చిన తూటా, గురి అట్ట మార్చడానికి పోయిన తోట కూలీ ముత్తన్నకి తగిలింది. ముత్తన్న అక్కడే పోయాడు. శనివారం రాత్రి విమానానికి అతని టికెట్ ఉంది.

వాంగ్మూలంలో ఏముందంటే, అట్ట దగ్గర మనిషి ఉన్నాడు, కాల్చొద్దని చెప్పే ఎర్రజెండాని పొరపాటున దించింది మల్లేష్ అని. ఆ పక్కనే ఇంకో వాక్యం, స్కోపు కొత్తది, జీరో కాలేదు, అందుకే తూటా పక్కకి పోయింది అని. సాయంత్రం నాలుగింటికి సంతకం చేస్తే మల్లేష్‌ని రాత్రి విమానం ఎక్కిస్తారు. చేయకపోతే కేసు, జైలు.

గలాలీలోని క్యాంపు గదిలో మల్లేష్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురు మంచం ముత్తన్నది. దాని కింద తాడుతో కట్టిన పెద్ద కార్టన్, దాని మీద నల్ల మార్కర్‌తో పేరూ ఊరూ.

మొహియుద్దీన్ ఒకటే అడిగాడు, జెండా సంగతి.

"నేను దించలె సాబ్. ఆరున్నర దాటంగనే ఎగిరేసిన. మీదనే ఉండె. ముత్తన్న పడ్డంక గూడ మీదనే ఉండె. దించింది ముబషిర్ సాబ్, పోలీసోళ్ళు అచ్చేముందట."

"ఈ మాట పోలీసోళ్ళకు చెప్పినవా?"

"నా మాటను అరబ్బీల చెప్పింది ఎవలు సాబ్? ముబషిర్ సాబే గదా."

ఆ మాట మొహియుద్దీన్‌కి లోపల ఎక్కడో గీసుకుంది. అయినా మొహం మార్చకుండా మిగతాది అడిగి తెలుసుకున్నాడు. ముత్తన్న రోజూ రెండు పూటలా జింకలకి మేతవేసి లెక్కపెట్టేవాడు. ముప్ఫై ఒకటి ఉన్నవి మూడు నెలల్లో ఇరవై ఆరుకి వచ్చాయి. ఎండకి చచ్చాయని ముబషిర్ అన్నాడట. ఎండకి చచ్చినదాన్ని ఇసుకలో పూడ్చాలి గానీ నెత్తురు కడగడం ఎందుకని ముత్తన్న గదిలో మల్లేష్‌తో అన్నాడట. తాను పోయాక లెక్క తప్పు తన మీద పడుతుందని భయం. శుక్రవారం తొమ్మిదింటికి కఫీల్ తోటకి వస్తాడు, అప్పుడు తానే చెప్పేసి నిమ్మళంగా ఇంటికి పోతానన్నాడు. ఆ సంగతి ముబషిర్‌కి కూడా ముందే చెప్పాడు, చాటుగా చాడీ చెప్పినట్టు ఉండకూడదని.

లేవబోతూ మొహియుద్దీన్ కార్టన్ వైపు చూశాడు. అది బుధవారమే కట్టారని మల్లేష్ చెప్పాడు. సాయంత్రం ఏడింటికి కార్గో మనిషి వచ్చి కాటా వేసి, టేపు మీద తేదీ చీటీ అంటించి పోయాడు. పాలపొడి డబ్బాలు బరువుకి అడుగు చీల్చుకుపోకుండా ముత్తన్న ఎక్కడినుంచో గట్టి అట్ట తెచ్చి కింద పరిచాడు. ముత్తన్న చనిపోయాక పెట్టెని కార్గోవాడు తీసుకెళ్ళలేదు. ఇంటివాళ్ళ పెట్టెను ఇంటివాళ్ళే విప్పాలి కాబట్టి గదిలో ఎవరూ ముట్టుకోలేదు.

తోట దారిలో ఆయనకి తొమ్మిది రోజుల కిందటి బేరం గుర్తొచ్చింది. కౌంటర్ మీద మూడు స్కోపులు పెట్టాడు. కొండల్లో దుప్పి రెండు మూడు వందల మీటర్ల దూరాన కనిపిస్తుంది. దానికి పదింతలు దగ్గరికి తెచ్చేది, తేలికైనది కావాలి. ముబషిర్ దాన్ని పక్కకి తోశాడు. తక్కువ దూరం చూపేది, పెద్ద అద్దం, లోపల ఎర్రచుక్క వెలిగేది తీసుకున్నాడు. మసక వెలుతురులో, చెట్ల సందున, డెబ్భై మీటర్లలోపు కాల్చేవాడు కొనే సరుకది. కఫీల్ పోయేది కొండలకి కదా అని మొహియుద్దీన్ అభ్యంతరం చెప్పాడు కూడా. కఫీల్‌కి ఎర్రచుక్క అంటే ఇష్టమని బావమరిది నవ్వేశాడు. గిరాకీ తెలిసిన సరుకే అడుగుతున్నాడు, తనకెందుకని ఆయన కట్టి ఇచ్చాడు. జింకల దొడ్డి ఈ చివర నుంచి ఆ చివరకి డెబ్భై మీటర్లు దాటదని అప్పుడు తట్టలేదు.

పది గంటలకి వరస దగ్గర నలుగురున్నారు. అమ్మినవాడి అభిప్రాయం కావాలని పోలీసువారు పిలిచారు కాబట్టి, సీలు వేసిన తుపాకీతో ఒక హవల్దారు వచ్చాడు. ముబషిర్ తెల్లగా పాలిపోయి ఉన్నాడు. అతని పక్కన మణికుమార్, కఫీల్ కంపెనీ భద్రతాధికారి. కాకినాడ మనిషి, పద్నాలుగేళ్ళు కానిస్టేబులుగా చేసి వచ్చాడు. కంపెనీ తరపు విచారణ శుక్రవారమే ముగించి సంతకం పెట్టేశాడు.

"ఏవండీ మొహియుద్దీన్ గారూ, దుర్బిణీలు అమ్ముకునే మీకు ఈ పోలీసు పని దేనికండీ?" అన్నాడు మణికుమార్. "తమరి స్కోపు మీద మాటొచ్చిందని బాధేమో. ఒక పొరపాటు, ఒక కర్మ. అయిపోయింది."

"నా సరుకును నేను చూసుకుంట. తప్పు దానిదే అయితే నేనే రాసిస్త."

హవల్దారు సీలు విప్పి తుపాకీ బల్ల మీద పెట్టాడు. ఆ స్కోపుకి పైనొకటి, పక్కనొకటి తిప్పే బిళ్ళలు. ఒక్కో టిక్కు తిప్పితే వంద మీటర్ల దగ్గర తూటా ఒక్క సెంటీమీటరు జరుగుతుంది. దుకాణంలో స్కోపు బిగించి ఇచ్చేటప్పుడు రెండు బిళ్ళల్నీ సున్నా గీత మీద పెట్టి ఇవ్వడం మొహియుద్దీన్ అలవాటు. ఇప్పుడు పక్క బిళ్ళ పదకొండు టిక్కులు, పై బిళ్ళ ఏడు టిక్కులు జరిగి ఉన్నాయి.

బావా బావమరిదులు ఉర్దూలో మాట్లాడుకున్నారు. తూటా కాల్చకముందే బిళ్ళలు ఎవరు తిప్పారని ఈయన అడిగాడు. తానే, శుక్రవారం పొద్దున, బోల్టు ఊడదీసి గొట్టం లోంచి అట్టని చూసి, స్కోపుని దానికి సరిచేశానని అతను చెప్పాడు.

"మీరు నేర్పిందే కదా దుల్హేభాయ్."

అక్క మొగుడిని పిలిచే ఆ పిలుపులో ఒక బతిమాలింపు ఉంది. మొహియుద్దీన్ దాన్ని విననట్టే తర్వాతి ప్రశ్న అడిగాడు.

"అట్లా సరిచేసిన తుపాకీ మొదటి తూటా వంద మీటర్లలో ఎంత తప్పుతుంది?"

ముబషిర్ కళ్ళు బల్ల మీదికి దిగాయి.

"అది కూడా నేర్పాను. చెప్పు."

"జానెడు."

"ముత్తన్న అట్టకి ఎంత దూరంలో పడ్డాడు?"

ఈసారి, ఉర్దూ వింటే అర్థమయ్యే మణికుమార్ తన కాగితం చూసి తెలుగులో చెప్పాడు, మీటరున్నర అని. చెప్పాక తన నోటితోనే ఎందుకు చెప్పానా అన్నట్టు కాగితం మడిచాడు.

ముబషిర్ వెంటనే మాట మార్చాడు. దుకాణం నుంచి తెచ్చేటప్పుడు కారు కుదుపులకి స్కోపు పట్టీల మరలు వదులయ్యాయేమో, స్కోపు పక్కకి జరిగిందేమో అన్నాడు. మొహియుద్దీన్ హవల్దారుని దగ్గరికి పిలిచి పట్టీల మీద నాలుగు మరలూ చూపించాడు. ప్రతి మర తల నుంచి పట్టీ దాకా సన్నని ఎర్రగీత ఉంది. బిగించాక మహమూదా గోళ్ళరంగుతో ఆయన గీసే గీత అది. మర వెంట్రుకవాసి కదిలినా గీత చిట్లుతుంది. నాలుగింటిలో ఒక్కటీ చిట్లలేదు.

"ఇది మీ అక్క సీసాలోదే," అన్నాడు ముబషిర్‌తో నెమ్మదిగా. అతను బల్ల మీదినుంచి చూపు ఎత్తలేదు.

మణికుమార్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బాగుందండి. గోళ్ళరంగు, టిక్కులు, జానెడు. కోర్టులో ఇవన్నీ ఒక వ్యాపారి చెప్పే కబుర్లు. ఈ తుపాకీకి ఈ స్కోపుతో శుక్రవారానికి ముందు ఒక్క తూటా కాల్చినట్టు చూపించండి, నా రిపోర్టు నేనే చించేస్తాను. నాలుగింటికి ఆ కుర్రాడు సంతకం చేస్తాడు. తమరు చాయ్ తాగి వెళ్ళండి."

"ఇంతకుముందు కొట్టిన కాగితాలు, అట్టలు ఏవి?"

"కాగితాలు కాల్చేశాం," అన్నాడు ముబషిర్. "అయినా ఈ స్కోపుతో ముందు కొట్టనేలేదు కదా."

గురి కాగితాన్ని ఊరికే నిలబెట్టరు. వెనక గట్టి అట్ట పెట్టి దానికి అంటిస్తారు. తూటా కాగితంతోపాటు అట్టనీ చీల్చుకుని పోతుంది. మొహియుద్దీన్ సామాన్ల గది తీయించాడు. గోడకి ఆనించి మూడు అట్టలున్నాయి, ముట్టుకోని కొత్తవి. పెద్ద ఫ్రిజ్ వచ్చిన పెట్టెను అంచుల వెంట కోసి చేసినవి. ఒకదాని మీద డెలివరీ చీటీ ఉంది, తేదీ సోమవారం. ఫ్రిజ్ పెట్టెకి నిలువు పక్కలు నాలుగు. మూడు ఇక్కడున్నాయి. సోమవారం తర్వాత నాలుగోదాన్ని ఎవరో వాడారు.

ముబషిర్ కాగితాలు కాల్చాడు. అట్ట సంగతి అతనికి పట్టలేదు, ఎందుకంటే అతను ఎప్పుడూ పెట్టె కట్టుకుని ఇంటికి పోయినవాడు కాదు, సూట్‌కేసుతో పోయేవాడు. మూడేళ్ళ తర్వాత ఇంటికి పోయే కూలిమనిషికి ఫ్రిజ్ అట్ట అంత గట్టి అట్ట పారేసే వస్తువు కాదు. మొహియుద్దీన్ చాయ్ తాగకుండానే హవల్దారుని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

రెండున్నరకి క్యాంపు గదిలో కార్టన్ మంచం మీదికి చేరింది. టేపు మీద కార్గో చీటీ అడ్డంగా అంటించి ఉంది, బుధవారం, ఏడు గంటలు, ముప్ఫై కిలోలు. మొహియుద్దీన్ తన ఫోన్లో దాన్ని నాలుగు వైపులా తీసుకున్నాడు. అప్పటికే మణికుమార్ వచ్చేశాడు. తోట అట్ట కంపెనీ సొత్తనీ, పెట్టెని తాను తీసుకుపోతాననీ అన్నాడు.

"మీరు కంపెనీ సొత్తు అన్నరు. అట్ట పోయినట్టు మీ పుస్తకంల ఉన్నదా?"

మణికుమార్ తల అడ్డంగా ఊపాడు.

"లేనప్పుడు ఇది ముత్తన్న పెట్టె. అడగవలసింది ఆయన ఇంటామెను."

మల్లేష్ ఫోన్ కలిపాడు. చిన్న తెరలో గౌరవ్వ కనిపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పెట్టె ఎందుకు విప్పాలో మొహియుద్దీన్ దాచకుండా చెప్పాడు. 

"ఆయిన చేతులతోని కట్టిండు. ఇంటికచ్చినంక నేనే విప్పుదుననుకున్న." తర్వాత అడిగింది, "అన్నా, ఎర్రజెండ ఉంగ పోయిండంటున్నరు, జెండ లేనిది పోయిండంటున్నరు. ఆయిన తప్పు లేకుంటే ఆ ముక్క నాకు చెప్పుతరా?"

"చెప్త."

"విప్పుండ్రి మరి."

హవల్దారు చీటీని చింపకుండా పక్కనుంచి కోశాడు. ఒక్కొక్కటే బయటకి వచ్చాయి. కంబళ్ళు రెండు, పాలపొడి డబ్బాలు ఆరు, సబ్బులు, టార్చిలైటు, అత్తరు సీసా, ఆడపిల్ల చెప్పులు, కొలతకి కాగితం మీద గీసుకున్న పాదంతో సహా. మల్లేష్ మొహం గోడకి తిప్పుకున్నాడు. అడుగున ఫ్రిజ్ అట్ట.

మొహియుద్దీన్ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఎడమ వైపు కిందుగా రెండు రంధ్రాలు. అక్కడి నుంచి సరిగ్గా పదకొండు సెంటీమీటర్లు కుడికి, ఏడు పైకి, నట్టనడుమ మూడు రంధ్రాలు, ఒక నాణెం కింద దాగేంత దగ్గరగా. హవల్దారు తన టేపుతో తానే కొలిచి, తుపాకీ మీద బిళ్ళల లెక్కతో సరిచూసుకుని తలాడించాడు. స్కోపు బుధవారానికే జీరో అయింది. శుక్రవారం అది ఎటు చూసిందో తూటా అటే పోయింది.

ఆ మూడింటి పైన, అంగుళం ఎడంగా ఇంకొకటి ఉంది, ఒంటరిగా. దాని చుట్టూ ఎర్రపెన్సిలు సున్నా, పక్కన ఉర్దూలో చిన్న అక్షరాలు.

మణికుమార్ పోలీసు బుర్ర అప్పటికే దారి వెతుక్కుంది. "రంధ్రాలు సరే. కాల్చింది ఫలానా వాడేనని ఏముంది? తోటలో ముగ్గురికి పర్మిట్ ఉంది. పైగా ఆ రాతేంటో?" అట్టలోకి వంగి చూశాడు. చదవలేకపోయాడు. హవల్దారు తన అరబ్బీ అక్షరాలతో కూడబలుక్కోబోయాడు గానీ ఆ గొలుసుకట్టు రాత అందలేదన్నట్టు పెదవి విరిచాడు. మల్లేష్‌కి తెలుగే అంతంతమాత్రం.

గదిలో ఆ రాత చదవగలిగినవాడు ఒక్కడే. మణికుమార్‌కి ఆ సంగతి తట్టింది. గొంతు తగ్గించాడు.

"మొహియుద్దీన్ గారూ, రంధ్రాలు చాలండి, కుర్రాడు బయటపడతాడు. సంతకం నేను ఆపుతాను. ఎవరు కొట్టారో తేలకుండా పోతుంది, అంతే. ఇంట్లో ఆడమనిషి మొహం తమరే చూడాలి కదా."

చెడ్డ బేరం కాదది. మొహియుద్దీన్ దాన్ని రెండు వైపులా తూచాడు. అట్ట మీది చేతిరాత ఆయనకి చదవకముందే తెలుసు. ప్రతి పండక్కీ అక్కకి ఉత్తరం రాసే చెయ్యి అది, కొసలు పైకి లేచే రాత. దుప్పిని మొదటి తూటాతోనే కొట్టాలి, ఆ తూటా చల్లబడ్డ గొట్టంలోంచే పోతుంది, అందుకని జీరో అయ్యాక ఒక రాత్రి తుపాకీని వదిలేసి, మర్నాడు ఒకే ఒక్కటి కొట్టి చూడు, టైము రాసుకో అని నేర్పింది తాను. అరాద్ దుకాణం వెనక గదిలో, పదిహేనేళ్ళ కింద, అప్పుడే దేశం నుంచి దిగిన కుర్రాడికి. అతను అన్నీ మరిచిపోయే మనిషి, ఇదొక్కటి మరిచిపోలేదు.

గౌరవ్వ ఇంకా తెరలోనే ఉంది. ఆమెకి ఏమీ కనిపించడం లేదు, పెట్టె మూత తప్ప.

"రాసుకోండి," అన్నాడు హవల్దారుతో అరబ్బీలో. ఆ రాతని అరబ్బీలో చెప్పి, తర్వాత గౌరవ్వకి వినిపించేట్టు తెలుగులో చదివాడు. "చల్లని గొట్టం. బుధవారం పొద్దున, ఆరు ఇరవై. ముబషిర్."

మణికుమార్ మడిచిన రిపోర్టు జేబులోంచి తీశాడు. చించలేదు గానీ మల్లేష్ వాంగ్మూలంతో కలిపి హవల్దారు చేతికి ఇచ్చాడు. "జెండా నేను రాకముందే దిగిపోయి ఉందండి," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. "ఎవరు దించారని నేను అడగలేదు."

"ముత్తన్న తప్పు లేదమ్మా," అన్నాడు మొహియుద్దీన్ ఫోనులోకి. "జెండ మీదనే ఉండె."

తోటకి ఫోన్ చేస్తే ముబషిర్ పన్నెండింటికే వెళ్ళిపోయాడని చెప్పారు. పాస్‌పోర్టు కూడా అలమారాలో లేదట. హవల్దారు విమానాశ్రయానికి ఫోన్ కలుపుతుండగా మొహియుద్దీన్ ఫోన్ మోగింది. మహమూదా.

తమ్ముడు వచ్చాడని చెప్పింది. చిన్న సంచితో వచ్చాడు, శుక్రవారం నుంచి సరిగా తిన్నట్టు లేడు, అన్నం వడ్డిస్తున్నాను, మీరు ఎక్కడున్నారో పదే పదే అడుగుతున్నాడు, ఏమని చెప్పను అంది. ఆమె గొంతులో తమ్ముడు ఇంటికొచ్చిన సంతోషం ఉంది.

మొహియుద్దీన్ గోడ మీది గడియారం చూశాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలు.

"దుకాణంలో ఉన్నానని చెప్పు," అన్నాడు. "కడుపునిండా తిననియ్యి. నేను వచ్చేదాకా లేవనియ్యకు."

ఫోన్ పెట్టేసి, హవల్దారుకి తన ఇంటి చిరునామా చెప్పాడు. రోడ్డు నంబరు, భవనం నంబరు, రెండో అంతస్తు, ఎడమ చేతి తలుపు. అరాద్ అక్కడికి పది నిమిషాల దారి.

తర్వాత, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, లెక్క చూసుకున్నాడు. మల్లేష్ సంతకం మల్లేష్ దగ్గరే మిగిలింది. గౌరవ్వకి ఒక్క ముక్క దక్కింది, దానితో ఆమె ఏం చేసుకుంటుందో తెలియదు. స్కోపు మీద మాట పోయింది, అది నిక్కమైన సరుకని తేలింది, ఒక మనిషిని పడగొట్టి మరీ. పొద్దున సరుకులో కలపని నాలుగోది మహమూదా ఎదుట కూర్చుని అన్నం తింటోంది.

మల్లేష్ కంబళ్ళు మడతపెట్టి మళ్ళీ పెట్టెలో సర్దుతున్నాడు. అడుగున అట్ట లేక డబ్బాలు నిలవడం లేదు. మొహియుద్దీన్ చేతిలో ఉన్న వాంగ్మూలం నకలునీ రసీదునీ మడిచి వాటి కింద పెట్టాడు. ఆ రెండు కాగితాలు ఏ బరువూ ఆపలేవని ఇద్దరికీ తెలుసు.